నా కంటి కండరం మందం ఎంత?

తలనొప్పి కోసం ఎంఆర్‌ఐ తీయిస్తే మెదడులో ఏ లోపమూ లేదని తేలింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. రిపోర్టు అడుగున ఇంకో వాక్యం ఉంది: ఎడమ కంటి మీడియల్ రెక్టస్ (కంటిని తిప్పే కండరాల్లో ముక్కు వైపుది), ఇన్‌ఫీరియర్ రెక్టస్ (కింది వైపుది) కండరాలు కొంచెం బల్కీగా, అంటే లావుగా ఉన్నాయి, మీడియల్ రెక్టస్ మందం 5.4 మిల్లీమీటర్లు, థైరాయిడ్ వల్ల వచ్చే కంటి జబ్బేమో చూసుకోవాలి, క్లినికల్ కోరిలేషన్ (డాక్టర్ మనిషిని చూసి సరిచూసుకోవడం) అవసరం. అనంతపురం సాయినగర్‌లో ఆ స్కానింగ్ సెంటర్ మెట్ల మీదే నిలబడి చదివాను. కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగితే "డాక్టర్‌కి చూపించండి మేడం" అంది. ఆ పిల్ల మాత్రం ఏం చెప్తుంది పాపం.

కూడేరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని నేను. అంకె కనబడితే ఊరుకోలేను. 5.4 ఎక్కువ అంటే దేనికన్నా ఎక్కువ? ఎవరెవరి కళ్ళు కొలిచి ఇంత ఉంటే నార్మల్ అన్నారు? కండరం పొడుగునా ఒకే మందం ఉండదు కదా, ఎక్కడ పెట్టి కొలిచారు? రిపోర్టులో వీటికి జవాబు లేదు.

ఇంట్లో చెప్పగానే మా అత్త, "థైరాయిడ్ అంటాండారంటే ఇంగ క్యాబేజీ ముట్టొద్దమ్మా" అంది. ఆ పూటే ఫ్రిజ్‌లో ఉన్న క్యాబేజీ పక్కింటికి వెళ్ళిపోయింది. అయోడిన్ ఉప్పు తినేవాళ్ళు మామూలుగా వండుకుని తినే క్యాబేజీ వల్ల ఏమీ కాదని తర్వాత డాక్టర్ చెప్పారు గానీ, మా అత్త ముందు ఆ డాక్టర్ ఏపాటి. మా స్కూల్లో హిందీ మేడం ఇంకో కథ చెప్పింది. ఆవిడ బంధువుల్లో ఒకామెకు ఇదే జబ్బు వచ్చి కళ్ళు ముందుకు పొడుచుకొచ్చాయట, ఒకటి రెండుగా కనబడేదట. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి నా ఎడమ కన్ను ఎంతసేపు చూసుకున్నానో నాకే తెలీదు. పెద్దగానే ఉన్నట్టు అనిపించింది. మా ఆయన వెనక నుంచి వచ్చి, "చూసేకొద్దీ పెద్దదే అయితాది. గమ్మున పండుకో, రేపు డాక్టర్ దగ్గరికి పోదాం" అన్నాడు.

తలనొప్పికి స్కాన్ రాసిన ఫిజీషియన్ థైరాయిడ్ రక్తపరీక్షలు రాశారు. టీఎస్‌హెచ్, టీ3, టీ4, వాటితో పాటు టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ అని ఇంకొకటి. ఈ చివరిది ఎందుకో అడిగితే విడమరిచి చెప్పారు. గ్రేవ్స్ అనే జబ్బులో ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడుతుంది, దాని ఆనవాలే ఈ యాంటీబాడీ. అదే పోరు కంటి గుంతలోని కొవ్వు, కండరాల మీద కూడా పడితే అవి వాస్తాయి. గుంత చుట్టూ ఎముక ఉంటుంది కాబట్టి వాచినది పక్కలకు పోలేదు, కంటిగుడ్డునే ముందుకు తోస్తుంది. మరీ ముదిరితే గుంత చివర, కండరాలన్నీ కలిసే ఇరుకు చోట, కంటి నరం నొక్కుకుపోయి చూపు కూడా పోవచ్చు. అందుకే రిపోర్టులో అలాంటి మాట పడితే ఏ డాక్టరూ తేలిగ్గా తీసుకోడు.

నా పరీక్షలన్నీ నార్మల్‌గా వచ్చాయి. హమ్మయ్య అనుకునేలోపే ఆయన, "రక్తంలో థైరాయిడ్ బాగానే ఉన్నా కొద్దిమందికి కంటి జబ్బు వస్తుందమ్మా. కంటి డాక్టర్ చూసి కాదంటేనే కాదు" అన్నారు. ఆదివారాల్లో బెంగళూరు నుంచి ఆర్బిట్ (కంటి గుంత) స్పెషలిస్టు ఒకాయన మన ఊరికి వస్తారని చెప్పి చీటీ రాసిచ్చారు. మా బావ మాత్రం ఏకంగా బెంగళూరుకే పొమ్మన్నాడు. ఆయనకు మోకాలు నొప్పయినా బెంగళూరే.

వెళ్ళేముందు ఫోన్ చేస్తే రెండు తెమ్మన్నారు: స్కాన్ సీడీ, పాత ఫోటోలు. సీడీ దగ్గర చిక్కొచ్చింది. మాకిచ్చింది ఫిల్ములు మాత్రమే. స్కానింగ్ సెంటర్‌కు పోతే "ఫిల్ములిచ్చినాం కదా మేడం, సీడీ ఎందుకు" అని ఒకరు, "సిస్టమ్ పని చేయట్లేదు, రేపు రాండి" అని ఇంకొకరు. ఇంత డబ్బు కట్టించుకుని నా తల బొమ్మలు నాకివ్వడానికి ఇన్ని తిప్పలా అని ఒళ్ళు మండింది. చివరికి మా ఆయన వెళ్ళి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటే ఇచ్చారు.

ఫోటోలకు మా అమ్మకు ఫోన్ చేశాను. "నీ ఎడం కన్ను చిన్నప్పట్నుంచీ అంతేనే. మీ జేజి కూడా అనేది, ఈ పిల్ల ఒక కన్నుతో ఎక్కువ చూస్తాదని" అంది. ఈ మాట మొదటిరోజే అడిగి ఉంటే బాగుండేదేమో గానీ అమ్మ చెప్పిందని డాక్టర్లు ఒప్పుకోరు, ఫోటో కావాలి. పెళ్ళి ఆల్బమ్, డీఎస్సీ హాల్‌టికెట్, పదో తరగతి గ్రూప్ ఫోటో సంచీలో వేసుకుని పోయాను.

ఆ డాక్టర్‌గారిది హిందూపురమట, మాట మనదే. రిపోర్టు చూడకుండా పక్కన పెట్టి ముందు నన్ను చూశారు. ఆయన వేలు పైనుంచి కిందికి దింపుతుంటే దాన్నే చూస్తూ కిందికి రమ్మన్నారు. థైరాయిడ్ కన్నయితే గుడ్డు కిందికి దిగినా పై రెప్ప వెనకబడిపోయి తెల్లగుడ్డు కనబడుతుంది. నాకు రెప్ప గుడ్డుతో పాటే దిగింది. తర్వాత అన్ని దిక్కులకూ చూపించి, ఎక్కడైనా ఒకటి రెండుగా కనబడుతోందా అని అడిగారు. రంగు చుక్కల పుస్తకం తెరిచి అంకెలు చదివించారు. కంటి నరం నొక్కుకుంటే ముందు రంగులు వెలిసినట్టు కనబడతాయట.

ఆ తర్వాత హెర్టెల్ ఎక్సాఫ్తాల్మోమీటర్. పేరు పెద్దది గానీ పరికరం చిన్నదే. ఒక అడ్డపట్టీ, దానికి రెండు వైపులా జరిగే కాళ్ళు, ఆ కాళ్ళ మీద ఏటవాలు అద్దాలు, స్కేలు. కళ్ళ బయటి కొసల్లో చెయ్యి పెడితే ఎముక అంచు తగులుతుంది చూడండి, సరిగ్గా అక్కడ రెండు వైపులా ఆనించి గట్టిగానే నొక్కారు. నా కంటి ముందు భాగం పక్క నుంచి చూస్తే ఎలా ఉంటుందో అద్దంలో ఆయనకు కనిపిస్తుంది, అది స్కేలు మీద ఎక్కడ పడితే అంత. కుడి 16, ఎడమ 17 మిల్లీమీటర్లు. రెండు కళ్ళకీ మధ్య తేడా రెండు మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలట, నాది ఒకటే.

"ఆ ఒక్కటి కూడా ఎందుకుంది సార్?" అన్నాను.

"మీ కళ్ళజోడు నంబరెంత?"

కుడి మైనస్ 4, ఎడమ మైనస్ 6.5. దగ్గరి చూపు కళ్ళలో గుడ్డే కాస్త పొడుగు. నంబరు ఎక్కువున్న కన్ను ఇంకొంచెం పొడుగ్గా ఉండి, ముందుకొచ్చినట్టు కనబడుతుంది. పదో తరగతి ఫోటోను లెన్స్ పెట్టి చూసి నవ్వారు. "ఇందులో కూడా ఎడమే పెద్దది. ఇన్నేళ్ళుగా పెరగని జబ్బు ఉండదు టీచరమ్మా."

అప్పుడు సీడీ తెరిచారు. నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఇక్కడ జరిగిందే.

ఒక్కో కన్నును తిప్పడానికి ఆరు కండరాలుంటాయి. నాలుగు నేరుగా పోయేవి, వాటినే రెక్టస్ అంటారు: ముక్కు వైపున్నది మీడియల్, చెవి వైపు లాటరల్, పైన సుపీరియర్, కింద ఇన్‌ఫీరియర్. మిగతా రెండూ ఏటవాలువి, ఆబ్లిక్. రెక్టస్ కండరాలు నాలుగూ గుంత చివరి ఉంగరంలాంటి చోట పుట్టి, మధ్యలో లావై, ముందుకొచ్చి పలచటి పట్టీలాగా గుడ్డుకు అతుక్కుంటాయి. స్కాన్‌లో కొలిచేది ఆ మధ్యలోని పొట్ట భాగం. థైరాయిడ్ జబ్బులో పొట్ట వాస్తుంది, అతుక్కునే పట్టీ మామూలుగా మిగులుతుంది. పట్టీ కూడా వాచిందంటే వేరే రకం కండర వాపును అనుమానిస్తారు. ఈ జబ్బు ముందుగా ఇన్‌ఫీరియర్‌ను, తర్వాత మీడియల్‌ను పట్టుకోవడం ఎక్కువట. నా రిపోర్టులో ఉన్న జంట సరిగ్గా అదే. అందుకే ఆ రేడియాలజిస్టు రాసిందాంట్లో తప్పేమీ లేదని, కనబడింది రాసి సరిచూసుకోమన్నాడని డాక్టర్‌గారే అన్నారు.

మౌస్‌తో ఎడమ మీడియల్ రెక్టస్ మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు గీత లాగారు. 5.3 అని పడింది. అదే బొమ్మ మీద, అదే కండరం మీద, గీతను కొద్దిగా వెనక్కి జరిపి మళ్ళీ లాగారు. 4.9. బొమ్మ వెలుగు కాస్త మార్చి లాగితే 5.1. కండరం అంచు స్కేలుతో గీసినట్టు ఉండదు, బూడిద రంగులోంచి నెమ్మదిగా కొవ్వు తెలుపులోకి కలిసిపోతుంది. ఎక్కడ కండరం అయిపోయి ఎక్కడ కొవ్వు మొదలైందనేది కొలిచేవాడి కంటిని బట్టి ఉంటుంది. పైగా తలనొప్పికి తీసిన స్కాన్‌లో ముక్కలు ఐదేసి మిల్లీమీటర్ల మందం. ఐదు మిల్లీమీటర్ల వస్తువును ఐదు మిల్లీమీటర్ల ముక్కల్లో చూస్తూ దశాంశ స్థానం రాయడమా! మా పిల్లలు పరీక్షలో అలా రాస్తే నేను మార్కు తీసేస్తాను.

"ఇప్పుడిది చూడండి" అని గుడ్డులోని లెన్స్ చూపించారు. తెల్లటి గుడ్డులో చిన్న నల్లటి కంది బద్దంత మచ్చ. రెండు కళ్ళలోనూ ఆ మచ్చ నడిమధ్య లేదు, నా కుడి పక్కకు తిరిగి ఉంది. స్కాన్‌లో కళ్ళు మూసుకుని పడుకున్నాను, కానీ రెప్పల వెనక గుడ్లు కుడి వైపుకు పోయాయి. కుడి వైపు చూడాలంటే ఎడమ కంటిని ముక్కు వైపుకు లాగాల్సింది ఎడమ మీడియల్ రెక్టసే. లాగే కండరం కుదించుకుని లావెక్కుతుంది, మనం చెయ్యి మడిస్తే కండ ఉబ్బినట్టే. అదే సమయంలో కుడి కంటి మీడియల్ సాగి పలచబడుతుంది. ఎడమ లావు, కుడి సన్నం అని రెండూ పోల్చి రాశారు గానీ, అది జబ్బు తేడా కాదు, చూపు తేడా. నేను బొమ్మ వైపు అలా చూస్తూ ఉండిపోయాను. జవాబు మొదటి నుంచీ ఆ సీడీలోనే ఉంది.

మరి ఇన్‌ఫీరియర్ సంగతి? అది గుంత అడుగున వెనక నుంచి ముందుకు ఏటవాలుగా పోతుంది. తలకు అడ్డంగా కోసిన ముక్కల్లో అది అడ్డదిడ్డంగా తెగుతుంది. మునక్కాయను నేరుగా కోస్తే గుండ్రంగా, ఏటవాలుగా కోస్తే పొడుగ్గా వస్తుంది కదా, అంతే. అడ్డకోత బొమ్మల్లో ఈ కండరం గడ్డలాగా కూడా కనబడి కంగారు పెడుతుందట. దాన్ని కొలవాలంటే ముఖానికి ఎదురుగా నిలువుకోత బొమ్మలు కావాలి. ఇంటికొచ్చాక లెక్కేసి చూశాను. కోత 30 డిగ్రీలు ఒరిగితే మందాన్ని కాస్ 30తో, అంటే 0.866తో భాగించాలి. నిజంగా 4.5 ఉన్నది 5.2 అయి కూర్చుంటుంది. ఆ మర్నాడు పదో తరగతిలో నోటికొచ్చిన మొదటి ఉదాహరణ ఇదే. పిల్లలకు పెద్దగా ఎక్కలేదు, నాకు మాత్రం మనసు కుదుటపడింది.

అయినా ఆయన చూసినంతలోనే తేల్చెయ్యలేదు. కళ్ళకు మాత్రమే ఇంకో ఎంఆర్‌ఐ తీయిద్దామన్నారు, సన్నటి ముక్కల్లో, కొవ్వు మెరుపు తగ్గించే పద్ధతిలో. కొవ్వు నల్లబడితే వాపు దాగలేదు. వాచిన కండరంలో నీరు చేరుతుంది, ఆ నీరు తెల్లగా మెరుస్తుంది. మందం కన్నా ఆ మెరుపే ఎక్కువ చెప్తుందన్నారు. "సీటీ తీస్తే చాలదా సార్, తక్కువలో అయిపోతుంది కదా" అని మా ఆయన అడిగాడు. మందం కొలవడానికి సీటీ చాలు, కానీ వాపు పచ్చిగా ఉందో లేదో అది సరిగా చెప్పలేదు, పైగా ఎక్స్‌రే కిరణాలు అన్నారు.

ఈసారి వేరే సెంటర్. లోపలికి పోకముందు నర్సమ్మ దూదితో నా కాటుక మొత్తం తుడిచింది. కాటుకలో, ఐలైనర్లలో ఇనుము రంగు ఏదైనా ఉంటే బొమ్మ సరిగ్గా కంటి దగ్గరే చెడిపోతుందట. తర్వాత తాళిబొట్టు గొలుసు. బంగారం అయస్కాంతానికి లెక్క కాదు, కానీ మనం గొలుసుకు తగిలించుకునే పిన్నీసులు ఉన్నాయే, అవే అసలు ప్రమాదం. నావి ఐదారు దాకా బయటపడ్డాయి. నాకే సిగ్గేసింది.

తలకు పెట్టే చట్రంలో చిన్న అద్దం ఉంది. అందులో కనబడే ఒక గుర్తును, బొమ్మ తీసేంతసేపూ నేరుగా చూడమన్నారు, మధ్యలో రెప్ప కొట్టుకోవచ్చు. చెవుల్లో దూదులున్నా ఆ గడగడ మోత ఆగదు. చూపు నిలపడం చెప్పినంత తేలిక కాదు, గుర్తు ఇటూ అటూ ఈదినట్టు అనిపిస్తుంది. అంతా అయ్యాక మైకులో రేడియాలజిస్టు గొంతు వినిపించింది: "మేడం, డాక్టర్‌గారు ఒకటి చూడమన్నారు. ఇప్పుడు బాగా కుడి వైపు చూడండి, కొంచెంసేపే."

రిపోర్టు సాయంత్రానికి వచ్చింది. నేరుగా చూసినప్పుడు మీడియల్ రెక్టస్ ఎడమ 4.5, కుడి 4.3. కుడి వైపు చూసినప్పుడు ఎడమ 5.2. అదే కన్ను, అదే మిషను, అదే సాయంత్రం. ఇన్‌ఫీరియర్ ఎడమ 5.0, కుడి 4.9. ఎక్కడా మెరుపు లేదు, పట్టీలు సన్నగా ఉన్నాయి, నరం చుట్టూ కొవ్వు బాగుంది.

ఇక నార్మల్ ఎంత అన్న నా మొదటి ప్రశ్న. డాక్టర్‌గారు చెప్పిన లెక్క 1998లో టర్కీలో వంద మంది, అంటే రెండు వందల కళ్ళ సీటీ స్కాన్‌లు కొలిచి వేసింది. మీడియల్ రెక్టస్ 3.3 నుంచి 5.0 మిల్లీమీటర్లు, ఇన్‌ఫీరియర్ 3.2 నుంచి 6.5, లాటరల్ 1.7 నుంచి 4.8. లాటరల్‌లో చూడండి, ఏ జబ్బూ లేనివాళ్ళలోనే ఒకరికీ ఇంకొకరికీ రెండు రెట్లకు మించి తేడా ఉండొచ్చు. ఐదు దాటితే జబ్బు అని అందరికీ ఒకే గీత గీస్తే ఇన్‌ఫీరియర్ విషయంలో ఎంతమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు రోగులైపోతారో!

ఆ హద్దులు ఎలా పెట్టారన్నది ఇంకా ముఖ్యం. సగటుకు అటూ ఇటూ రెండేసి ప్రామాణిక విచలనాలు (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే సంఖ్య). ఇంటర్‌లో లెక్కలు చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ గీతల మధ్య దాదాపు 95 శాతం మంది పడతారు. మిగిలిన ఐదుగురిలో సగం మంది, అంటే వందకు రెండున్నర మంది, ఏ జబ్బూ లేకుండానే పై గీత దాటి ఉంటారు. ఇది ఒక కండరానికి. రెండు కళ్ళలో నాలుగేసి చొప్పున ఎనిమిది కండరాలు కొలిస్తే? 0.975ను ఎనిమిది సార్లు గుణిస్తే 0.817 వస్తుంది. అంటే కొలతలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, వందమంది ఆరోగ్యవంతుల్లో 18 మందికి ఎక్కడో ఒక కండరం "ఎక్కువ" అని రాయొచ్చు. నిజానికి ఒకే మనిషి కండరాలకు సంబంధం ఉంటుంది, ఒకటి లావుంటే మిగతావీ లావుండటం మామూలే, కాబట్టి సంఖ్య అంత ఉండదు. అయినా సున్నా కాదు. ఈ లెక్క డాక్టర్‌గారికి చూపిస్తే కాగితం తీసి జేబులో పెట్టుకున్నారు, మా జూనియర్లకు చూపిస్తానని.

మందులేమీ రాయలేదు. ఒకటి రెండుగా కనబడినా, కళ్ళు ఎర్రబడి బరువెక్కినా, పొద్దున లేచేసరికి రెప్పలు ఉబ్బుతున్నా వెంటనే రమ్మన్నారు, లేకుంటే ఆరు నెలలకు టీఎస్‌హెచ్ ఒక్కటి చేయించుకుంటే చాలన్నారు. చేయించాను, బాగానే ఉంది. ఇంకో స్కాన్ అక్కర్లేదన్నారు. మా హిందీ మేడంకు ఈ కథంతా చెప్తే, వాళ్ళ బంధువుకు కూడా కళ్ళు చూసే పట్టుకున్నారని, స్కాన్ తర్వాతి మాటేనని గుర్తు చేసుకుని చెప్పింది.

రిపోర్టులో ఇలాంటి మాట పడినవాళ్ళు నాకు ఫోన్ చేస్తుంటారు ఈమధ్య. వాళ్ళకు నేను చెప్పేవి ఇవే: థైరాయిడ్ పరీక్ష చేయించండి, కంటి డాక్టర్‌కు కళ్ళు చూపించండి, పాత ఫోటోలు పట్టుకుపోండి. ఏ కోతలో కొలిచారో, కన్ను ఎటు చూస్తుండగా కొలిచారో అడగండి. స్కాన్‌కు డబ్బు కట్టేటప్పుడే సీడీ కూడా కావాలని చెప్పి బిల్లు మీద రాయించుకోండి, తర్వాత అడిగితే ఎలా తిప్పుతారో చెప్పాను కదా. ఫిల్ము మీద డాక్టర్ మళ్ళీ అంత సరిగ్గా కొలవలేడు.